రిపోర్టు రానివాడిని ఏ వార్డులో పడుకోబెట్టాలి?

మా పెదనాన్న కరోనాతో పోయాడా కాదా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. అన్నయ్య కరోనానే అంటాడు. పెద్దమ్మ ఒప్పుకోదు, టైఫాయిడ్ ముదిరిందని ఆవిడ నమ్మకం, ఎందుకంటే ఇంట్లో ఉన్న రిపోర్టులన్నిట్లో పాజిటివ్ అని రాసున్నది అదొక్కటే. ఆఖర్లో ఉంచిన నర్సింగ్ హోమ్ వాళ్ళు ఇచ్చిన కాగితంలో గుండె, ఊపిరి ఆగిపోవడం వల్ల అని రాశారు, ఆ మాటకొస్తే ఎవరు పోయినా గుండే ఊపిరీ ఆగే పోతారు. అక్కడికక్కడే చెప్పే యాంటిజెన్ టెస్టు నెగటివ్. ల్యాబుకి పంపి చేసే ఆర్‌టీపీసీఆర్ టెస్టు ఫలితం ఫోన్‌కి మెసేజ్ వచ్చేసరికి చిన్నకర్మ కూడా అయిపోయింది, అదీ నెగటివే. సీటీ స్కాన్‌లో మాత్రం రెండు ఊపిరితిత్తులూ సగానికి పైగా తెల్లబడిపోయి ఉన్నాయి.

ఇలా తేలని చావులున్న ఇళ్ళు మన వైపు ఎన్నో. ఈ మాట ఎత్తగానే జనం రెండు గుంపులైపోతారు, ఒకళ్ళేమో టెస్టులన్నీ బోగస్, ల్యాబులూ హాస్పిటళ్ళూ కలిసి ఆడిన డ్రామా అంటారు, ఇంకొకళ్ళేమో మన జనానికి బుద్ధి లేదు, టెస్ట్ చేయించుకోమంటే దాక్కున్నారు, అందుకే పోయారు అంటారు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మంటే. ఏ టెస్టైనా కొన్నిసార్లు తప్పు చెప్తుంది, అది డాక్టర్లకి చదువుకునేటప్పుడే నేర్పిస్తారు, అందుకని టెస్టు తప్పు చెప్పిందని నాకేం కోపం లేదు. తప్పు చెప్పే వీలున్న ఆ కాగితం చూపిస్తేనే హాస్పిటల్ గేటు తీస్తాం అన్నారు చూడండి, అక్కడుంది నా గొడవంతా. పాజిటివ్ అయితే ఒక వార్డు, నెగటివ్ అయితే ఇంకో వార్డు, మరి ఇంకా తెలియనివాడికి? వాడికి ఇల్లు, లేదంటే అంబులెన్సు.

2021 ఏప్రిల్ ఆఖరు అది. పెదనాన్న వాళ్ళది తెనాలి దగ్గర పల్లెటూరు, నేనుండేది కూకట్‌పల్లిలో. ఊళ్ళో ఒక పెళ్ళి అయింది, తర్వాత ఒక్కో ఇంట్లో జ్వరాలు మొదలయ్యాయి, పెదనాన్నకి ముందు ఒళ్ళు నొప్పులు, తర్వాత జ్వరం, పొడి దగ్గు. పీహెచ్‌సీకి తీసుకెళ్తే యాంటిజెన్ చేసి నెగటివ్ అన్నారు. అక్కడ ఏఎన్ఎం అమ్మాయి మంచిది, "బాబాయ్ గారూ, దీన్ని నమ్ముకోకండి, ఇంకో శాంపిల్ ల్యాబుకి పంపిస్తున్నా, అది వచ్చేదాకా విడిగా గదిలో ఉండండి" అని మరీ మరీ చెప్పిందంట. కానీ నెగటివ్ అన్న మాట ఒకసారి చెవిన పడ్డాక ఆ తర్వాతి మాటలు ఎవరికి ఎక్కుతాయండీ. "ఏం లేదురా, మామూలు జొరమే, నెగటివ్ వచ్చిందిగా" అని ఆయనే నాకు ఫోన్ చేసి చెప్పాడు, ఆ గొంతులో నిశ్చింత నాకు ఇప్పటికీ గుర్తుంది. పెద్దమ్మ పక్కనే కూర్చుని చారన్నం కలిపి పెట్టింది. మనవళ్ళు మంచం మీదే ఆడుకున్నారు. వాళ్ళకేం కాలేదు, ఎందుకు కాలేదో కూడా ఎవరికీ తెలీదు.

ఆ యాంటిజెన్ కిట్ సంగతి కాస్త చెప్పుకోవాలి. మన దేశంలో మొదట అనుమతి వచ్చింది హర్యానాలో మానేసర్‌లో తయారయ్యే ఒక కొరియా కంపెనీ కిట్‌కి, 2020 జూన్ 14న ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి ఇచ్చింది. అదే కాగితంలో ఐసీఎంఆర్ వాళ్ళే రాసుకున్నారు, వాళ్ళూ ఎయిమ్స్ వాళ్ళూ పరీక్షించి చూస్తే నిజంగా వైరస్ ఉన్నవాళ్ళలో ఈ కిట్ పట్టుకున్నది వందకి 50.6 నుంచి 84 మందినే అని. పాజిటివ్ అంటే మాత్రం దాదాపు ఖాయం. అందుకే లక్షణాలుండి నెగటివ్ వస్తే తప్పకుండా ఆర్‌టీపీసీఆర్ చెయ్యాలని కూడా అందులోనే ఉంది. అంటే పైన ఉన్నవాళ్ళకి అంతా తెలుసు, దాచింది కూడా ఏం లేదు. ఆ షరతు ఢిల్లీ నుంచి మండలం దాకా వచ్చేసరికి ఎక్కడో జారిపోయింది, మనకి మిగిలింది ఒక గీత పడితే నెగటివ్, రెండు గీతలు పడితే పాజిటివ్ అన్న సంగతి ఒక్కటే. వైరస్ ముక్కులో బాగా ఎక్కువగా ఉన్న మొదటి కొద్ది రోజుల్లోనే ఆ రెండో గీత పడుతుందన్న ముక్క లైన్లో నిలబడ్డ ఎంతమందికి చెప్పారు?

సరే ఆర్‌టీపీసీఆర్ అయినా పక్కానా అంటే అదీ కాదు. 2020లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు అప్పటిదాకా వచ్చిన లెక్కలన్నీ కలిపి చూశారు. లక్షణాలు మొదలయ్యేకంటే ఒకరోజు ముందు చేస్తే జబ్బున్న వందమందిలో 67 మందికి నెగటివ్ వస్తుంది, లక్షణాలు మొదలైన రోజున 38 మందికి, ఇంకో మూడు రోజులాగి చేస్తే 20 మందికి, ఆ తర్వాత మళ్ళీ పెరుగుతుంది. ఆ 20 వచ్చే రోజే టెస్టుకి బాగా అనువైన రోజు, అంటే అన్నీ కలిసొచ్చినా అయిదుగురిలో ఒకళ్ళని వదిలేస్తుంది. ఇది కాగితం మీద లెక్క. మన దగ్గర పుల్ల ముక్కులో ఎంత లోపలికి పెట్టారు, తీసేది ఎవరు, పొద్దున్నుంచి ఎండలో పీపీఈ కిట్‌లో చెమటలు కక్కుతూ ఎన్నో వందో శాంపిల్ తీస్తున్నారు, ఆ గొట్టం ఐసు పెట్టెలోనే ఉందా బయటే ఉందా, ల్యాబులో ఎన్ని వేలు పేరుకుపోయాయి, ఇవన్నీ కలపాలి. హైదరాబాద్‌లోనే 2020 జూన్ చివర్లో శాంపిళ్ళు పేరుకుపోయి కొత్తవి తీసుకోవడమే ఆపాల్సి వచ్చింది కదా. ఇక 2021 మేలో సంగతి చెప్పక్కర్లేదు.

అసలు దెబ్బ పడింది రోజుల లెక్క దగ్గర. ఈ జబ్బుకి ఒక గడియారం ఉంది. మొదటి నాలుగైదు రోజులు జ్వరం, నొప్పులు, దగ్గు, వాసన తెలియకపోవడం. చాలామందికి అక్కడితో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం వారం దాటుతుండగా, జ్వరం తగ్గింది అనుకునే టైములో, ఒంట్లో రక్షణ వ్యవస్థే అతి చేసి ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోతుంది, మనిషి మంచం మీద కూర్చుని మనతో మాట్లాడుతూనే ఉంటాడు, వేలికి ఆక్సీమీటర్ పెడితే 94 పైన ఉండాల్సింది 85 చూపిస్తుంది. ఆ వారంలోపు కనిపెట్టుకుని ఉండటమే వైద్యం, అంతకుమించి పెద్ద మందు కూడా ఏం లేదప్పుడు. ఇప్పుడు చూడండి, జ్వరం వచ్చాక రెండు మూడు రోజులు ఇంట్లో మాత్రలు వేసుకుని చూస్తారు, తర్వాత టెస్టు, తర్వాత రిపోర్టు కోసం ఎదురుచూపు, ఈలోపు వారం అయిపోయింది. రిపోర్టు రావడానికి పట్టే టైమూ జబ్బు ముదరడానికి పట్టే టైమూ సరిగ్గా ఒకటే అయింది. ఆ టైమంతా ఇంట్లోవాళ్ళు చూసింది ఫోన్‌లో మెసేజ్ కోసం, ఆయన వేలి మీద అంకె కోసం కాదు. ఇందులో వాళ్ళని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు, రిపోర్టు వచ్చాకే ఏదైనా అని టీవీ, కలెక్టర్ ఆఫీసు, డాక్టరు, పక్కింటివాళ్ళు అందరూ చెప్తుంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు.

ఇక టైఫాయిడ్. ఆ సీజన్‌లో మన రెండు రాష్ట్రాల్లో పల్లెటూళ్ళకి టైఫాయిడ్ ఎలా వచ్చి పడిందో గుర్తుందా? ఏ ఇంట్లో అడిగినా "మాకు కరోనా కాదండీ, టైఫాయిడ్" అనేవాళ్ళు. దాని వెనక ఉన్నది విడాల్ అనే పాత రక్తపరీక్ష. చవక, గంటల్లో వస్తుంది, మండల కేంద్రంలో ప్రతి చిన్న ల్యాబులోనూ చేస్తారు. అది వెతికేది టైఫాయిడ్ క్రిమిని కాదు, దాని మీద ఒళ్ళు తయారు చేసుకున్న యాంటీబాడీలని, అవి ఎప్పుడో వచ్చి తగ్గిన జ్వరానివి కావచ్చు, వేరే జబ్బు వల్ల కూడా కనిపించొచ్చు, అందుకే మన దేశంలో ఒక్కసారి చేసిన విడాల్‌ని నమ్మొద్దని ఎప్పట్నుంచో చెప్తున్నారు. కానీ ఒకవైపు ఏమీ చెప్పకుండా నానబెట్టే ప్రభుత్వ టెస్టు, ఇంకోవైపు సాయంత్రానికల్లా పేరు పెట్టి చెప్పే టెస్టు. పైగా టైఫాయిడ్‌కి మందుంది, సెలైన్ ఉంది, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఉన్నాడు, ఎవరూ వెలివెయ్యరు. ఏది నమ్మాలనిపిస్తుంది? పెదనాన్న ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లు, ఇంజెక్షన్లు చేయించుకున్నాడు. ఆ ఆర్‌ఎంపీని తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు మా చుట్టాల్లో. నేను తిట్టను. ఆ రోజుల్లో మా పెదనాన్న నాడి పట్టుకుని చూసింది అతనొక్కడే.

పట్నం జనం తెలివైనవాళ్ళం అనుకుంటాం కదా, మన టైఫాయిడ్ పేరు సీటీ స్కాన్. ఆర్‌టీపీసీఆర్ లేటు అవుతుంటే జనం స్కాన్ సెంటర్లకి ఎగబడ్డారు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో "స్కోర్ ఎంత అండీ" అని ఎంసెట్ ర్యాంకు అడిగినట్టు అడిగేవాళ్ళు, 25కి 7 అంటే హమ్మయ్య, 25కి 14 అంటే అయ్యో. ఆ స్కోరు ఊపిరితిత్తుల్లో అయిదు భాగాలకి ఒక్కోదానికి 5 చొప్పున వేసేది, ఏ రోజు తీశారన్నది తెలీకపోతే దానికి అర్థం లేదు, రెండో రోజు తీస్తే ఏమీ ఉండదు, అదే మనిషికి తొమ్మిదో రోజు తీస్తే భయంకరంగా ఉంటుంది. అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా 2021 మే మొదట్లో ఒక సీటీ అంటే 300, 400 ఎక్స్‌రేలతో సమానం, తేలికపాటి జబ్బుకి తీయించుకోకండి అని గట్టిగా చెప్తే రేడియాలజిస్టులకి కోపం వచ్చింది, ఇప్పటి మిషన్లలో అంత రేడియేషన్ ఉండదని వాళ్ళు ఎదురు తిరిగారు. ఆ వాదనలో ఎవరు కరెక్ట్ అన్నది పక్కన పెడితే, గులేరియా గారి మాట వింటుంటే నాకు అనిపించింది ఒకటే, సరే సార్, స్కాన్ వద్దు, ఆర్‌టీపీసీఆర్ రాదు, యాంటిజెన్ నమ్మకూడదు, మరి మా ఇంట్లో జ్వరంతో ఉన్న ముసలాయన గురించి మేం దేన్ని బట్టి నిర్ణయం తీసుకోవాలి? ఇంకో నష్టం కూడా జరిగింది స్కాన్‌ల వల్ల. మూడో రోజే స్కాన్‌లో చిన్న మచ్చ చూసి స్టెరాయిడ్లు మొదలెట్టేశారు. ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ పనికొస్తుందని 2020 జూన్‌లోనే ఇంగ్లండ్ నుంచి వచ్చిన రికవరీ అనే ట్రయల్ తేల్చింది, అవసరం లేనివాళ్ళకి లాభం లేదని కూడా. అయినా షుగర్ ఉన్నవాళ్ళకి కూడా విచ్చలవిడిగా వాడారు, తర్వాత బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఈఎన్‌టీ హాస్పిటల్ నిండిపోవడం మనం చూశాం.

పెదనాన్నకి ఆయాసం తెలిసేసరికి ఆక్సిజన్ 80ల్లోకి వచ్చేసింది. అన్నయ్య కారులో వేసుకుని తిరిగాడు. మొదటి చోట పాజిటివ్ రిపోర్టు అడిగారు. నెగటివ్ ఉంది అంటే, అయితే ఇది కోవిడ్ హాస్పిటల్, నెగటివ్ పేషెంటుని తీసుకోం అన్నారు. రెండో చోట ఇది నాన్ కోవిడ్, ఆయన్ని చూస్తే కోవిడ్‌లాగే ఉంది, ఆర్‌టీపీసీఆర్ నెగటివ్ తెస్తే చేర్చుకుంటాం అన్నారు. "ఒకడేమో నెగటివ్ ఉందని వద్దంటాడు, ఇంకొకడేమో నెగటివ్ లేదని వద్దంటాడు, నేనెక్కడికి పోవాల్రా" అని అన్నయ్య ఆ రాత్రి నాకు ఫోన్‌లో అరిచాడు, నేను ఇక్కణ్ణుంచి ట్విటర్‌లో ఆక్సిజన్ బెడ్లు వెతుకుతున్నా, ఫోన్ చేసిన నంబర్లలో సగం పనిచెయ్యవు, మిగతా సగం ఎత్తరు. చివరికి తెలిసినవాళ్ళ ద్వారా ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో, కోవిడ్‌కి పర్మిషన్ లేకపోయినా, ఒక సిలిండర్ పెట్టి చేర్చుకున్నారు. వాళ్ళు చేసింది రూల్ ప్రకారం తప్పే అనుకుంటా. మా పెద్దమ్మ మాత్రం ఆ డాక్టర్‌కి ఇప్పటికీ దణ్ణం పెడుతుంది.

ఇప్పుడు అసలు విషయం వినండి. 2021 మే 8న కేంద్ర ఆరోగ్యశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. కోవిడ్ హాస్పిటల్‌లో చేర్చుకోవడానికి పాజిటివ్ రిపోర్టు తప్పనిసరి కాదు, అనుమానం ఉన్నవాళ్ళని సస్పెక్ట్ వార్డులో చేర్చుకోవాలి, ఏ కారణంతోనూ ఏ రోగినీ వెనక్కి పంపకూడదు, వేరే ఊరివాడైనా సరే ఆక్సిజన్, మందులు ఇవ్వాలి అని. చదివితే కళ్ళనీళ్ళొస్తాయి, అంత సరిగ్గా ఉంది. రోజుకి 4 లక్షల కేసులు దాటిపోయాక, చేరాల్సినవాళ్ళు రోడ్ల మీద పోయాక వచ్చింది. ఇందులో ఉన్నదాంట్లో మే 8 నాటికి కొత్తగా కనిపెట్టింది ఏముంది? యాంటిజెన్ ఒక్కోసారి సగం మంది దాకా వదిలేస్తుందని 2020 జూన్ నుంచీ తెలుసు. ఆర్‌టీపీసీఆర్ తప్పుతుందని తెలుసు. ల్యాబులు నిండిపోతాయని మొదటి వేవ్‌లోనే చూశాం. అదే ఉత్తర్వు 2020లోనే ఇచ్చి, దానికి తగ్గట్టు ప్రతి పెద్దాసుపత్రిలో అనుమానపు కేసులకి విడిగా గదులు పెట్టి ఉంటే, రెండో వేవ్‌లో బెడ్లు దొరకనివాళ్ళు ఉండేవాళ్ళేమో గానీ కాగితం లేదని వెనక్కి వచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. ఈ రెండూ వేరువేరు తప్పులు. బెడ్ లేకపోవడం కరువు. బెడ్ ఉండి గేటు వెయ్యడం అలా కాదు, అది ఎవరో కూర్చుని పెట్టిన రూలు.

అన్నయ్య దీనికి ఒప్పుకోడు, అదొక విచిత్రం, అన్నీ అనుభవించింది వాడు, హాస్పిటళ్ళ తరఫున మాట్లాడేదీ వాడే. "జ్వరం ఉన్న ప్రతివాణ్ణీ కోవిడ్ వార్డులో తోస్తే, నిజంగా టైఫాయిడ్ ఉన్నోడికి అక్కడ కరోనా అంటుకోదా? టెస్ట్ లేకుండా ఎవణ్ణి ఎక్కడ పెట్టాలో వాళ్ళకి మాత్రం ఎట్టా తెలుస్తది" అంటాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు, టెస్టు ఉండాల్సింది దానికోసమే. లెక్కలకి టెస్టు కావాలి, ఎవరిని విడిగా ఉంచాలో తెలియడానికి కావాలి, ఏ రకం వైరస్ తిరుగుతోందో తెలియడానికి కావాలి. నేను వద్దనేది ఒక్కటే, ఊపిరాడని మనిషికి ఆక్సిజన్ పెట్టడానికి దాన్ని షరతు చెయ్యడం. 85 ఉన్నవాడికి కరోనా అయినా ఆక్సిజనే, న్యుమోనియా అయినా ఆక్సిజనే, ముందు అది పెట్టి పక్క గదిలో ఉంచి తర్వాత నిదానంగా టెస్టు చేసుకోండి. మాస్కులేసుకుని కిటికీలు తీసిన సస్పెక్ట్ వార్డులో పడుకుంటే వచ్చే రిస్కు కంటే కారు వెనక సీట్లో జిల్లా అంతా తిరగడంలో రిస్కు ఎక్కువ కదా.

ఇంకో గేటు గురించి ఎవరూ మాట్లాడరు, నెగటివ్ గేటు. మా అత్తయ్యకి డయాలసిస్. వారానికి రెండు మూడుసార్లు వెళ్ళకపోతే మనిషి ఉండదు. 2020 జూలై, ఆగస్టుల్లో ఆవిడ వెళ్ళే సెంటర్‌లో కొత్త కోవిడ్ రిపోర్టు చూపిస్తేనే మిషన్ మీద పడుకోబెడతాం అన్నారు, రిపోర్టు రావడానికి పట్టే రోజులకంటే రెండు డయాలసిస్‌ల మధ్య రోజులు తక్కువ. కాన్పులకి కూడా ఇదే గొడవ, నొప్పులొస్తున్న ఆడపిల్లని రిపోర్టు తెమ్మని కూర్చోబెట్టారని మా చుట్టాల్లోనే విన్నాను. అక్కడ పనిచేసే నర్సులకి భయం ఉంటుంది, వాళ్ళకీ పిల్లలుంటారు, అది నాకు అర్థమవుతుంది. అయినా రెండు వైపులా గేట్లేసి మధ్యలో ఉన్నవాళ్ళని జనాభాలోంచి తీసేస్తే ఎలా.

టెస్టుకి భయపడ్డారు అని జనాన్ని తిడతారు కదా, 2020 వేసవి గుర్తు తెచ్చుకోండి ఒకసారి. తెలంగాణలో మార్చి 2న మొదటి కేసు, ఆంధ్రాలో నెల్లూరులో మార్చి 12న. ఆ తర్వాత కొన్ని నెలలు పాజిటివ్ అంటే ఏం జరిగేది? తెలంగాణలో అయితే గాంధీ ఆసుపత్రికి తీసుకుపోవడం, ఇంట్లోవాళ్ళందరినీ క్వారంటైన్‌కి పంపడం, వీధికి రెండు వైపులా కట్టెలు కట్టడం, బ్లీచింగ్ చల్లడం, ఆ ఇంటి పేరు, ఫోన్ నంబరుతో సహా సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో. కిరాణా కొట్టువాడు సరుకులివ్వడు. పోతే మున్సిపాలిటీ వాళ్ళు జేసీబీతో తీసుకెళ్ళిన వీడియోలు కూడా చూశాం. ఆ కాగితం మీద పాజిటివ్ అని పడితే లాభం ఎంతో అనుమానం, నష్టం మాత్రం ఖాయం, అలాంటప్పుడు టెస్టుకి దూరంగా ఉండటం మూర్ఖత్వం అంటే నేనొప్పుకోను, వాళ్ళు లెక్కేసుకునే చేశారు. ఏడాది తర్వాత అదే జనాన్ని పాజిటివ్ ఉంటేనే బెడ్ అన్నారు.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. అప్పట్లో రాత్రుళ్ళు వీడియో కాల్ చేసి "పెదనాన్నకి ఇంట్లోనే టెస్ట్ చేసేయొచ్చుగా" అనేవాడు. మన దగ్గర ఇంట్లో చేసుకునే కిట్‌కి మొదటి అనుమతి వచ్చిందే 2021 మే 19న, పుణెలో మైల్యాబ్ వాళ్ళ కోవిసెల్ఫ్, 250 రూపాయలు, అప్పటికి మా ఇంట్లో కథ అయిపోయింది. అప్పట్లో వాడు ఇక్కడికి రావాలంటే 72 గంటల్లోపు చేయించుకున్న ఆర్‌టీపీసీఆర్ నెగటివ్ చూపించాల్సి వచ్చేది. అయిదుగురిలో ఒకణ్ణి వదిలేసే టెస్టు, మూడు రోజుల కిందటిది, దాన్ని పట్టుకుని వందలమందిని ఒకే విమానంలో కూర్చోబెట్టేవాళ్ళు. ఎయిర్‌పోర్టులో మాత్రం ఆ కాగితం మీద అంత నమ్మకం ఎలా వచ్చిందో.

చచ్చిపోయాక కూడా కాగితం వదల్లేదు. 2021 సెప్టెంబర్‌లో కుటుంబానికి 50 వేలు పరిహారం అన్నారు. సుప్రీంకోర్టు గట్టిగా పట్టుకుంటే వచ్చింది అది, డెత్ సర్టిఫికెట్‌లో కరోనా అని లేదన్న ఒక్క కారణంతో ఇవ్వకుండా ఉండకూడదని కూడా కోర్టు చెప్పింది. టెస్టు పాజిటివ్ ఉండాలి, లేదా హాస్పిటల్‌లో చేరినప్పుడు పరీక్షలు చేసి డాక్టరు కోవిడ్ అని నిర్ధారించి ఉండాలి, అది జరిగిన 30 రోజుల్లోపు పోయి ఉండాలి. మా నర్సింగ్ హోమ్ డాక్టరు కోవిడ్ అని రాయలేడు, రాస్తే పర్మిషన్ లేకుండా కోవిడ్ పేషెంటుని ఎందుకు చేర్చుకున్నావని అడుగుతారు. సీటీ ఫిల్మ్ పట్టుకుని అన్నయ్య తిరిగాడు, అప్లికేషన్ పక్కన పడింది. మాకు ఆ డబ్బు లేక ఇబ్బందేం లేదు, లేనివాళ్ళ సంగతే నేను చెప్పేది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందు రాష్ట్రాలు పెట్టిన లెక్కలు చూడండి, తెలంగాణలో అధికారికంగా కోవిడ్ చావులు 4 వేల లోపు, పరిహారానికి వచ్చిన అప్లికేషన్లు 29 వేల దగ్గర. ఆంధ్రాలో చావులు 14 వేల పైచిలుకు, అప్లికేషన్లు 36 వేల పైన. అందులో దొంగవి కూడా ఉండొచ్చు, అందుకే ఆంధ్రాతో సహా నాలుగు రాష్ట్రాల్లో 5 శాతం అప్లికేషన్లు తనిఖీ చేసుకోమని కోర్టు కేంద్రానికి అనుమతి ఇచ్చింది. ఎంత తీసేసినా తెలంగాణలో ఏడు రెట్ల తేడాకి దొంగ అప్లికేషన్లు ఒక్కటే కారణం అంటే నమ్మడం కష్టం. ఆ మధ్యలో ఉన్నవాళ్ళంతా పెండింగ్‌వాళ్ళే.

మంచి కూడా చెప్పాలి. అదే 2021 మేలో తెలంగాణలో ఇంటింటికీ జ్వరం సర్వే పెట్టారు, ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు తిరిగి, జ్వరం ఉందా దగ్గుందా అని అడిగి, టెస్టు కోసం ఆగకుండా అక్కడికక్కడే మందుల కిట్ ఇచ్చారు. టెస్టులు తగ్గించి లెక్క తగ్గించడానికి ఆడిన నాటకం అని చాలామంది అన్నారు, అందులోనూ నిజం ఉండొచ్చు. ఆ కిట్‌లో పెట్టిన యాంటీబయాటిక్స్ వైరస్‌ని ఏమీ చెయ్యవు. అయినా గుమ్మం ముందుకొచ్చి జ్వరం ఎన్నాళ్ళ నుంచి అని అడగడం, ఆ తేదీ రాసుకోవడం, అది సరైన పని, రెండేళ్ళలో నాకు నచ్చిన పని అదొక్కటే. మందుల బదులు వీధికి రెండు ఆక్సీమీటర్లిచ్చి, 94 కంటే తగ్గితే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి, కాగితం ఏదీ అడగం అని చెప్పుంటే ఇంకా బాగుండేది.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నావ్ అంటారేమో. మొన్న వానాకాలం మా కింద ఫ్లోర్‌లో అబ్బాయికి జ్వరం, డెంగ్యూ అనుమానం, ఎన్ఎస్1 టెస్టు నెగటివ్ వచ్చింది. వాళ్ళమ్మ వెంటనే స్కూలుకి పంపే ప్లాన్‌లో ఉంది. ఎన్ఎస్1 కూడా మొదటి నాలుగైదు రోజుల్లోనే బాగా పట్టుకుంటుంది, తర్వాత ఐజీఎం అనే యాంటీబాడీ టెస్టు చూడాలి, డెంగ్యూలో కూడా జ్వరం తగ్గిన తర్వాత రెండు రోజులే ప్రమాదం, అంతా మళ్ళీ అదే కథ. వీధి చివర పిల్లల డాక్టరు మాత్రం ఆ రిపోర్టు పక్కన పెట్టి, జ్వరం ఏ రోజు ఏ టైముకి మొదలైందో అడిగి చీటీ మీద పైన రాశాడు, రోజూ పొద్దున తీసుకొచ్చి బీపీ చూపించుకోమన్నాడు, కడుపునొప్పి వచ్చినా వాంతులు ఆగకపోయినా పిల్లాడు మగతగా ఉన్నా ఒంటేలు తగ్గినా అర్ధరాత్రైనా సరే తీసుకొచ్చెయ్యమన్నాడు. "ఇంతకీ డెంగ్యూనా కాదా డాక్టర్ గారూ" అని ఆవిడ అడిగితే, "శుక్రవారం దాకా డెంగ్యూనే అనుకుందాం అమ్మా, కాకపోతే సంతోషమే, ఫీజు మాత్రం వెనక్కివ్వను" అన్నాడంట. ఆవిడ లిఫ్టులో కనపడి, అంత ఫీజు తీసుకుని ఏ జ్వరమో కూడా చెప్పలేదండీ అని నా దగ్గర గొణిగింది.